నియమం తెలుసు, చూపే ఆగదు

తెర మధ్యలో ఒక చుక్క వెలుగుతుంది. పిల్లవాడు దాన్నే చూస్తూ ఉండాలి. కాసేపటికి ఆ చుక్క ఆరిపోయి, కుడి పక్కనో ఎడమ పక్కనో ఇంకో చుక్క మెరుస్తుంది. దానివైపు చూడకూడదు. సరిగ్గా దానికి ఎదురు దిక్కున, ఏమీ లేని చోట చూడాలి. పరీక్ష ఇంతే. నియమం చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. ఆరేడేళ్ల పిల్లలు దాన్ని తిరిగి అప్పజెప్పగలరు కూడా. కానీ చుక్క మెరవగానే వాళ్ల కళ్లు దాని మీదికే దూకుతాయి. ఆ తర్వాత జరిగేది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చాలాసార్లు పక్కనున్నవాళ్లు ఏమీ అనకముందే, రెప్పపాటులో ఆ చూపు వెనక్కి తిరిగి సరైన దిక్కుకు వెళ్తుంది.

ఆ దిద్దుబాటును చూసీ చూడనట్టు వదిలేయకూడదు. నియమం అర్థం కాకపోయినా, మరిచిపోయినా చూపు తప్పు చోటే ఉండిపోవాలి. అలా ఉండిపోలేదంటే ఏం చేయాలో తెలుసన్నమాట, తప్పు జరిగిందనీ గ్రహించాడన్నమాట. లోపించింది ఒక్కటే: చుక్క మెరిసిన క్షణానికీ కన్ను కదిలే క్షణానికీ మధ్య ఉండే సుమారు 200 మిల్లీసెకన్లలో తమాయించుకోవడం. ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లల గురించి ఇళ్లలోనూ బడుల్లోనూ వినిపించే "చెప్పింది వినడు", "ఎన్నిసార్లు చెప్పినా అదే తప్పు" లాంటి మాటల్లో చాలావాటి వెనక ఇలాంటి క్షణమే ఉంటుంది. వినలేదనో, అర్థం కాలేదనో, మొండితనమనో పేరు పెట్టేముందు ఈ చిన్న పరీక్షను గుర్తు చేసుకోవాలి.

ఈ తమాయింపు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అని పిలిచే సామర్థ్యాల గుంపులో ఒకటి. పేరు బరువుగా ఉన్నా విషయం రోజూ చూసేదే. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం ఒకటి. చెప్పిన మూడు పనుల్లో మొదటిది చేస్తూనే మిగతా రెండింటినీ మనసులో పట్టి ఉంచుకోవడం ఇంకొకటి. ఆట నియమం మారినప్పుడు పాత అలవాటును వదిలి కొత్తదానికి మళ్లడం మూడోది. 2000లో అకీరా మియాకే బృందం పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనంలో ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటూనే, విడివిడిగా కొలవదగినవని తేలింది. తెలివితేటల పరీక్షలో మంచి మార్కులు వచ్చే పిల్లల్లో కూడా వీటిలో ఏదో ఒకటి బలహీనంగా ఉండవచ్చు. "ఇంత తెలివైనవాడు ఇంత చిన్న పని ఎందుకు చేయలేకపోతున్నాడు" అన్న పెద్దవాళ్ల అయోమయం చాలావరకు ఇక్కడి నుంచే పుడుతుంది.

మరి దీన్ని కంటిలోనే ఎందుకు వెతకాలి? కంటి నిర్మాణంలోనే కారణం ఉంది. చేయి చాచి బొటనవేలు నిలబెడితే ఆ వేలి వెడల్పు ఎంత కనిపిస్తుందో, దాదాపు అంత మేర మాత్రమే మన కన్ను నిజంగా స్పష్టంగా చూడగలదు. మిగతాదంతా మసకగానే ఉంటుంది. ఆ చిన్న స్పష్టమైన మచ్చను కావలసిన చోటికి చేర్చడానికే కళ్లు సెకనుకు దాదాపు మూడుసార్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతాయి. ఈ గెంతును సకేడ్ అంటారు. అంటే మెలకువగా ఉన్నంతసేపూ సెకనుకు మూడుసార్లు మెదడు ఒక చిన్న నిర్ణయం తీసుకుంటోంది: ఇక్కడే ఉండనా, పోనా, పోతే ఎటు? ఇంత తరచుగా జరిగే నిర్ణయం మనిషి చేసే పనుల్లో మరొకటి దొరకదు. పైగా దీనికి మాటలు రానక్కరలేదు, పెన్సిల్ పట్టుకోవడం రానక్కరలేదు. నోటితో జవాబు చెప్పలేని పిల్లల దగ్గర కూడా చూపును కొలవవచ్చు.

ఇంకో సౌలభ్యమూ ఉంది. కంటి కదలికను నడిపే నాడీ మార్గాలు మెదడులో అన్నింటికంటే బాగా అర్థమైనవాటిలో ఉన్నాయి. నడిమెదడులో ఉండే సుపీరియర్ కొలిక్యులస్ అనే భాగం, మెరిసిన దేనివైపైనా చూపును తిప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టే బ్రేకు, మెదడు లోపలి కణాల గుంపులైన బేసల్ గాంగ్లియా నుంచి వస్తుంది. ఒకీహిదే హికోసాకా, రాబర్ట్ వర్ట్జ్ కోతుల మీద చేసి 1983లో ప్రచురించిన పరిశోధనల్లో ఈ బ్రేకు పనిచేసే తీరు కనిపించింది. సబ్‌స్టాన్షియా నైగ్రా అనే, బేసల్ గాంగ్లియాలోని ఒక భాగపు కణాలు మామూలు సమయంలో ఆగకుండా సంకేతాలు పంపుతూ కొలిక్యులస్‌ను నొక్కి ఉంచుతాయి. కన్ను కదలాల్సినప్పుడు మాత్రం ఒక్క క్షణం మౌనం వహిస్తాయి. బ్రేకు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు వదలకూడదో చెప్పేది నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ భాగం. 1985లో డేనియల్ గిటన్ బృందం, మూర్ఛ తగ్గడానికి శస్త్రచికిత్స చేసి ఫ్రంటల్ లోబ్‌లో కొంత తొలగించినవారికి మొదట్లో చెప్పిన, చుక్కకు ఎదురు దిక్కున చూసే పరీక్ష పెట్టింది. వాళ్లు చుక్క వైపు చూడకుండా ఉండలేకపోయారు. పీటర్ హాలెట్ 1978లో రూపొందించిన ఆ పరీక్షను యాంటీసకేడ్ అంటారు. కంటి కదలికల ప్రయోగశాలను దాటి అది పిల్లల మనస్తత్వ పరిశోధనల్లోకి రావడానికి ఇలాంటి ఫలితాలే దారి వేశాయి.

పిల్లల్లో ఈ ఫ్రంటల్ భాగం నిదానంగా పక్వానికి వస్తుంది. బియాట్రిజ్ లూనా బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో 8 ఏళ్ల నుంచి 30 ఏళ్ల వరకు ఉన్నవారి చూపును కొలిచారు. చూపును ఆపుకోవడం సుమారు 14 ఏళ్లకు, స్పందించే వేగం సుమారు 15 ఏళ్లకు, చుక్క కనిపించిన చోటును గుర్తుంచుకుని తర్వాత సరిగ్గా అక్కడికే చూడటం సుమారు 19 ఏళ్లకు పెద్దల స్థాయికి చేరాయి. ఏ ఇబ్బందీ లేని పిల్లల లెక్కే ఇది. ఎనిమిదేళ్ల పిల్లవాడి నుంచి పెద్దవాడి నిగ్రహాన్ని ఆశించడం ఎంత తొందరపాటో ఈ మూడు అంకెలు చెబుతాయి. ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లల్లో ఈ ప్రయాణం ఇంకా నెమ్మదిగా సాగవచ్చు, వేరే దారిలోనూ సాగవచ్చు.

ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలపలేకపోవడం, తొందరపాటు, అతి చురుకుదనం) ఉన్న పిల్లల్లో బ్రేకు సమస్య అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీలో డగ్లస్ మునోజ్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో, వీళ్లు యాంటీసకేడ్‌లో ఎక్కువ తప్పులు చేయడమే కాకుండా, మధ్య చుక్క మీద చూపు నిలపాల్సిన సమయంలో కూడా అనవసరమైన గెంతులు వేశారు. ఇంకో గమనింపు మరింత విలువైనది. వాళ్ల స్పందన సమయం ఒకేలా ఉండదు. ఒకసారి అందరిలాగే చురుగ్గా, మరోసారి బాగా ఆలస్యంగా ఉంటుంది. సగటు చూస్తే కొద్దిగా మాత్రమే తేడా ఉన్న పిల్లల్లో కూడా ఈ హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉంటాయి. "నిన్న బాగానే చేశాడు, ఇవాళ కావాలనే చేయడం లేదు" అని పెద్దవాళ్లు అనుకునేది ఈ హెచ్చుతగ్గులను చూసే. నిన్న చేయగలిగాడన్నది ఇవాళ చేయగలడనడానికి సాక్ష్యం కాదు. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే ఎన్నో మందలింపులు తగ్గుతాయి. మిథైల్‌ఫెనిడేట్ అనే ఏడీహెచ్‌డీ మందు వేసుకున్నప్పుడు యాంటీసకేడ్ తప్పులు తగ్గడం పలు అధ్యయనాల్లో కనిపించింది. పెంపకం లోపమనో మొండితనమనో అనుకునేముందు ఇది కూడా గుర్తుంచుకోవాలి.

ఆటిజంలో కథ ఇంకోలా ఉంటుంది. ఇక్కడ పరిశోధకుల దృష్టిని మొదట లాగింది చూపు దూకడం కన్నా, చూపు అంటుకుపోవడం. రెజినాల్డ్ లాండ్రీ, సూజన్ బ్రైసన్ 2004లో ఒక సులువైన పరీక్ష పెట్టారు. మధ్యలో ఒక బొమ్మ ఉండగానే పక్కన ఇంకోటి వస్తుంది. ఆటిజం ఉన్న చిన్నపిల్లలు మొదటి బొమ్మ నుంచి చూపు ఊడదీసుకోవడానికి మిగతా పిల్లల కంటే చాలా ఎక్కువ సమయం తీసుకున్నారు. మొదటి బొమ్మను ముందే తీసేస్తే తేడా తగ్గిపోయింది. కొత్తదాన్ని చూడలేకపోవడం వేరు, పాతదాన్ని వదల్లేకపోవడం వేరు అన్నమాట. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ ఇదే ఫలితం చూపలేదు. వయసును బట్టి, చూపించిన బొమ్మను బట్టి తేడాలు వచ్చాయి. అయినా ఆ ఆలోచన పనికొచ్చేదే. పిలిచినా తల తిప్పని పిల్లవాడిని చూసి పట్టించుకోవడం లేదని అనుకునేకంటే, ముందున్నదాన్ని వదలడం కష్టంగా ఉందేమో అనుకుంటే పిలిచే తీరే మారుతుంది. ముందున్న వస్తువును మెల్లగా పక్కకు తీసి, కాస్త ఆగి, అప్పుడు పిలవవచ్చు.

ముఖాల విషయంలో చూపు ఎటు వెళ్తుందన్నది మరో పెద్ద ప్రశ్న. వారెన్ జోన్స్, అమి క్లిన్ 2013లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, తర్వాతి కాలంలో ఆటిజం నిర్ధారణ అయిన పసిపిల్లలు పుట్టిన కొత్తలో ఎదుటివారి కళ్లవైపు మామూలుగానే చూశారు. రెండు నెలల నుంచి ఆరు నెలల మధ్య ఆ చూపు క్రమంగా తగ్గుతూ వచ్చింది. మొదటి నుంచీ లేనిది కాదు, ఉండి జారిపోయినది. ఈ తరహా పరిశోధనల నుంచే 16 నుంచి 30 నెలల పిల్లల చూపును వీడియోలు చూపించి కొలిచే ఒక పరికరం తయారైంది. నిర్ధారణలో డాక్టర్లకు తోడుగా వాడుకోవడానికి 2022లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది. 475 మంది పిల్లల మీద జరిగి 2023లో ప్రచురితమైన పరీక్షలో, నిపుణులు ఆటిజం ఉందని చెప్పిన పిల్లల్లో సుమారు 71 శాతం మందిని అది గుర్తించింది. లేదని చెప్పినవారిలో సుమారు 81 శాతం మందిని సరిగ్గా పక్కన పెట్టింది. ఈ అంకెలను రెండో వైపు నుంచి కూడా చదవాలి: ఆటిజం ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు దాని కంట పడలేదు. తోడుగా వాడుకోవడం అన్న మాటకు అసలు అర్థం అదే.

కళ్లలోకి చూడమని బలవంతపెట్టే అలవాటు గురించి ఇక్కడే చెప్పుకోవాలి. నూషీన్ హజీఖానీ బృందం 2017లో, ఆటిజం ఉన్నవారు ముఖాల్లో కళ్ల భాగాన్నే చూసేలా చేసి మెదడును స్కాన్ చేసింది. ప్రమాదాన్ని, భావోద్వేగాన్ని పసిగట్టే లోపలి మార్గాలు అవసరానికి మించి చురుగ్గా మారాయి. చూపు తిప్పుకోవడం కొందరికి ఆ తాకిడిని తగ్గించుకునే ఉపాయం కావచ్చు. ఆటిజం లేని పిల్లలు కూడా కష్టమైన ప్రశ్న వేస్తే ముఖం పక్కకు తిప్పుకునో, పైకి చూస్తూనో ఆలోచిస్తారు. ఎదుటి ముఖం మీద ఖర్చయ్యే శ్రద్ధను లెక్క మీదికి మళ్లించుకోవడం అది. గ్విన్నెత్ డోహర్టీ-స్నెడన్, ఆమె సహచరులు అయిదేళ్ల పిల్లలకు ప్రశ్న విన్నాక చూపు పక్కకు తిప్పుకోవడం నేర్పితే సరైన జవాబులు పెరిగాయి. ఆటిజం, విలియమ్స్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే ఒక జన్యు స్థితి) ఉన్న పిల్లలు కూడా ప్రశ్న కష్టమయ్యేకొద్దీ అలాగే చూపు తిప్పుకుంటారని అదే పరిశోధకుల తర్వాతి పనిలో తేలింది. "నా వైపు చూసి చెప్పు" అనే మాట జవాబు వెతుక్కుంటున్న పిల్లల నుంచి ఉన్న కాస్త బలాన్నీ లాగేసుకోవచ్చు.

చూపును చూసి తొందరపడి తీర్పు చెప్పడం వల్ల ఎక్కువ నష్టం జరిగింది డిస్లెక్సియాలో, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బందిలో. చదివేటప్పుడు కళ్లు గీత గీసినట్టు సాఫీగా జారవని, ఆగి ఆగి గెంతుతాయని ఫ్రాన్స్‌లో లూయీ ఎమీల్ జవాల్ 1879లోనే రాశాడు. బాగా చదివే పెద్దవాళ్ల కన్ను ఒక్కో చోట దాదాపు పావు సెకను ఆగుతుంది, అప్పుడప్పుడు వెనక్కి కూడా వెళ్తుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లల కళ్లు ఎక్కువ చోట్ల ఆగుతాయి, ఎక్కువసేపు ఆగుతాయి, ఎక్కువసార్లు వెనక్కి వస్తాయి. దీన్ని చూడగానే కళ్ల కదలిక సరిగ్గా లేకపోవడం వల్లే చదువు రావడం లేదని అనిపించడం సహజం. 1981లో జార్జ్ పావ్లిడిస్, వరసగా వెలిగే దీపాలను చూపుతో అనుసరించడంలో కూడా డిస్లెక్సియా పిల్లలు తడబడతారని ప్రకటించాడు. అక్షరాలతో పనిలేని ఆ తేడా నిజమైతే కారణం కంటిలోనే ఉన్నట్టు. కానీ వేరే బృందాలు అదే ప్రయత్నం చేస్తే ఆ ఫలితం తిరిగి రాలేదు.

అసలు చిక్కు పోలికలోనే ఉంది. పదేళ్ల డిస్లెక్సియా పిల్లవాడిని బాగా చదివే పదేళ్ల పిల్లవాడితో పోలిస్తే తేడా కనిపించి తీరుతుంది. అదే పిల్లవాడిని, అతనంత మాత్రమే చదవగలిగే ఏడెనిమిదేళ్ల పిల్లలతో పోలిస్తే కళ్ల నడక దాదాపు ఒకేలా ఉంటుంది. బాగా చదివే పిల్లలకు తమ స్థాయికి మించిన పాఠం ఇస్తే వాళ్ల కళ్లు కూడా ఆగి ఆగి, వెనక్కి వెనక్కి నడుస్తాయి. చదివేటప్పటి కంటి కదలికలను పరిశోధించిన కీత్ రేనర్ ఎన్నో ఏళ్లపాటు ఓపికగా చెప్పిన మాట ఇదే: పదాన్ని గుర్తుపట్టడం కష్టమైంది కాబట్టి కన్ను ఆగుతోంది. కాలు బెణికినవాడు కుంటుతాడు, కుంటడం వల్ల కాలు బెణకలేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, కంటి వైద్యుల సంఘాలు కలిసి 2009లో విడుదల చేసిన ప్రకటన కూడా, కంటి వ్యాయామాలు, రంగు కళ్లద్దాలు చదువు ఇబ్బందిని తగ్గిస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదని చెప్పింది. చుక్కలను వెంటాడే వ్యాయామాల మీద పోయే నెలలు, అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని నేర్పడానికి దొరకాల్సిన నెలలు. ఆ నెలలు తిరిగి రావు.

కొందరు డిస్లెక్సియా పిల్లల్లో యాంటీసకేడ్ తప్పులు ఎక్కువగా ఉన్న మాట నిజం. వాళ్లలో చాలామందికి ఏడీహెచ్‌డీ కూడా ఉంటుంది, దాన్ని వేరుచేసి చూడటం అంత తేలిక కాదు. తల్లి గర్భంలో ఉండగా మద్యం ప్రభావం సోకిన పిల్లల్లోనూ, చేతులూ కాళ్లూ సమన్వయంగా కదలడం కష్టమయ్యే డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ ఉన్నవాళ్లలోనూ ఇవే తప్పులు కనిపిస్తాయి. ఎన్నో రోగాల్లో వచ్చే జ్వరం లాంటిది ఇది. ఏదో ఇబ్బంది ఉందని చెబుతుంది, ఏదన్నది చెప్పదు. పైగా ఈ తేడాలన్నీ గుంపుల సగటులో కనిపించేవి. నిర్ధారణ ఉన్న పిల్లల్లో చాలామంది మామూలు పిల్లల పరిధిలోనే ఉంటారు. ఒక్క చూపు పరీక్ష పట్టుకుని ఒక్క పిల్లవాడికి పేరు పెట్టేవారిని నమ్మకూడదు.

ఊహకు అందని ఫలితాలూ ఉన్నాయి. టూరెట్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు తమ ప్రమేయం లేకుండా కదలికలు, శబ్దాలు వస్తుంటాయి కాబట్టి నిగ్రహం తక్కువని అనుకుంటాం. 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో చుక్క వైపు చూడటం, ఎదురు దిక్కుకు చూడటం కలగలిపి పెడితే, ఆ పిల్లలు మిగతావారి కంటే తక్కువ తప్పులు చేశారు. రోజంతా ఆ కదలికలు, శబ్దాలు అనే టిక్స్‌ను అణచుకుంటూ గడపడం వల్ల ఆ శక్తి సాధనలో రాటుదేలి ఉండవచ్చని పరిశోధకులు భావించారు.

కొలతలోనూ జాగ్రత్త కావాలి. చూపు కొలిచే పరికరం కంటిపాప స్థానాన్నీ, నల్లగుడ్డు మీద పడే ఇన్‌ఫ్రారెడ్ మెరుపునూ బట్టి లెక్కకడుతుంది. దానికి పిల్లలు కదలకుండా కూర్చోవాలి, మొదట కొన్ని చుక్కలను వరసగా చూసి పరికరాన్ని సరిచేసుకోనివ్వాలి. సరిగ్గా ఈ పనే ఈ పిల్లలకు కష్టం. అందుకే బాగా కదిలే పిల్లల వివరాలు తరచుగా లెక్కలోంచి జారిపోతాయి, మిగిలినవారి ఫలితమే అందరిదిగా ప్రచురితమవుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దగ్గరి వస్తువు మీద కంటి ఫోకస్ కుదరకపోవడం, కళ్లు అదరడం మామూలే. అలాంటప్పుడు నిగ్రహాన్ని కొలిచే ముందు కళ్లద్దాల సంగతి చూడాలి. చూపు పరీక్ష చేయించకుండా శ్రద్ధ లేదని రాసేయడం అన్యాయం.

తరగతి గదిలో ఈ విషయాలన్నీ కలిసి కనిపించే పని ఒకటుంది: బోర్డు మీదిది చూసి రాసుకోవడం. పెద్దలకు అది ఆలోచన అవసరం లేని పనిలా కనిపిస్తుంది. కానీ కన్ను దూరానికి వెళ్లి సరైన వరసను పట్టుకోవాలి, నాలుగైదు అక్షరాలు మనసులో పెట్టుకోవాలి, మధ్యలో కిటికీ దగ్గర కదిలినదాని వైపు పోకుండా పుస్తకానికి దిగాలి, రాసిన చోటును వెతుక్కోవాలి, మళ్లీ పైకి వెళ్లినప్పుడు ఎక్కడ వదిలామో గుర్తుపట్టాలి. ఆపుకోవడం, పట్టి ఉంచుకోవడం, మళ్లడం మూడూ ప్రతి కొద్ది సెకన్లకూ కావాలి. ఆ పాఠాన్నే ఒక కాగితం మీద ముద్రించి పిల్లవాడి పుస్తకం పక్కన పెడితే, చూపు నడవాల్సిన దూరం తగ్గి మిగిలిన శక్తి పాఠం మీదికి వెళ్తుంది. దీనికి పరికరాలూ అక్కరలేదు, నిర్ధారణ దాకా ఆగనూ అక్కరలేదు.

మాట రాని, చేతులు సహకరించని పిల్లలకు చూపే గొంతు. రెట్ సిండ్రోమ్ అనే జన్యు స్థితి ఉన్న ఆడపిల్లల్లో చాలామంది చేతుల వాడుకను కోల్పోయినా కళ్లతో కావలసినదాన్ని చూపించగలరు. వాళ్ల కోసం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్న పిల్లల కోసం, చూపుతో నడిచే కంప్యూటర్లు ఉన్నాయి. తెర మీద ఒక బొమ్మ మీద కాసేపు చూపు నిలిపితే ఆ మాటను యంత్రం పలుకుతుంది. కానీ చూడటం, ఎంచుకోవడం ఒకటే అయిపోయిన చోట, ఏముందో తెలుసుకోవడానికి వేసిన చూపు కూడా మాటగా బయటికి వచ్చేస్తుంది. నీళ్ల బొమ్మను ఊరికే చూసినా "నీళ్లు కావాలి" అని యంత్రం అంటుంది. కావలసింది దొరికేవరకు మిగతావాటి మీద చూపు ఆగకుండా చూసుకోవడం బిడ్డకు పెద్ద భారం. ఆ తప్పులను చూసి బిడ్డకు ఏమీ అర్థం కావడం లేదని పరికరాన్ని పక్కన పెట్టేయడం తరచుగా జరిగే పొరపాటు. అంతకంటే ముందు చేయదగిన మార్పులు చాలా ఉన్నాయి. చూపు ఎంతసేపు నిలిస్తే ఎంపికగా లెక్కించాలో ఆ సమయాన్ని బిడ్డకు తగ్గట్టు మార్చవచ్చు. మొదట రెండే బొమ్మలతో మొదలుపెట్టవచ్చు. చూపు ఆగినా యంత్రం ఏమీ పలకకుండా ఉండేలా, తెర మధ్యలో కొంత చోటు ఖాళీగా వదిలేయవచ్చు.